బొమ్మ కదలాలంటే ఎన్ని బొమ్మలు గీయాలి?

పది నిమిషాల కార్టూన్ చిత్రాన్ని చూడటానికి పది నిమిషాలే పడుతుంది. మరి గీయడానికి? సినిమా సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నడుస్తుంది. ఆ లెక్కన 14,400 ఫ్రేములు కావాలి. యానిమేషన్ చరిత్రలో చాలా భాగం ఈ అంకెను తగ్గించుకోవడానికి పడిన పాట్లే.

అసలు కదలని బొమ్మలు కదిలినట్టు ఎందుకు కనిపిస్తాయి? దృశ్యం రెటీనాపై క్షణకాలం నిలిచి ఉంటుంది కాబట్టి అని బడిలో చదువుకున్నాం. ఆ వివరణ చాలదు. కారణం అదొక్కటే అయితే బొమ్మలు ఒకదానిపై ఒకటి పడి అలుక్కుపోవాలి గాని కదలకూడదు. పక్కపక్కన ఉన్న రెండు గీతలను తగిన వ్యవధిలో ఒకదాని తర్వాత ఒకటి చూపితే, ఒకే గీత అటునుంచి ఇటు జరిగినట్టు కనిపిస్తుందని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త మాక్స్ వెర్ట్‌హైమర్ 1912లో వివరించారు. ఆ కదలిక తెరపై లేదు, మన మెదడు కల్పించుకున్నది.

మెదడు ఇంత ఉదారంగా ఉన్నప్పుడు 24 బొమ్మలూ గీయడం దేనికి? ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు తీస్తే సెకనుకు 12 చాలు. 1908లో ఫ్రాన్స్‌లో ఎమిల్ కోల్ తీసిన 'ఫాంటస్మగోరీ' ఇలా వచ్చిందే. రెండు నిమిషాలైనా లేని ఆ చిత్రానికి సుమారు 700 బొమ్మలు పట్టాయి.

ఇంకో చిక్కు నేపథ్యం. అమెరికాలో విన్సర్ మెకే 1914లో 'గెర్టీ' అనే డైనోసార్‌ను కదిలించినప్పుడు వెనకున్న రాళ్లను, చెట్టును కూడా ప్రతి కాగితంపై మళ్లీ గీయాల్సి వచ్చింది. ఆ విసుగు పని ఒక సహాయకుడి మీద పడింది! అదే ఏడాది ఎర్ల్ హర్డ్ పారదర్శక సెల్యులాయిడ్ షీట్ల పద్ధతికి పేటెంటు కోరారు. నేపథ్యాన్ని ఒక్కసారే గీసి కింద ఉంచుతారు, పాత్రను పై షీటు మీద గీస్తారు. పాత్ర చేయి మాత్రమే ఊపితే చేతికి మాత్రమే కొత్త షీటు. అయితే షీటు పూర్తిగా పారదర్శకం కాదు. పొరలు పెరిగేకొద్దీ అడుగు రంగులు మసకబారేవి, అందుకని పొరను బట్టి రంగు కలుపుకునేవారు.

మన దేశంలో దాదాసాహెబ్ ఫాల్కే 'రాజా హరిశ్చంద్ర' కంటే ముందే, బఠాణీ గింజ మొక్కగా ఎదగడాన్ని ఒక్కో ఫ్రేముగా చిత్రించారు. ఇక్కడ బొమ్మలు ప్రకృతే గీసి పెట్టింది. ఫిల్మ్స్ డివిజన్ కార్టూన్ విభాగం 1956లో మొదలైంది. డిస్నీలో పనిచేసిన క్లెయిర్ వీక్స్ అక్కడి కళాకారులకు శిక్షణ ఇచ్చారు. మరుసటి ఏడాది జాతక కథ ఆధారంగా 'ద బన్యన్ డీర్' వెలువడింది.

1995లో వచ్చిన 'టాయ్ స్టోరీ' పూర్తిగా కంప్యూటర్‌లో రూపొందిన తొలి పూర్తి నిడివి చిత్రం. పాత్రను ఒకసారి నమూనాగా తయారుచేసి కీలక భంగిమలు ఇస్తే, మధ్య భంగిమలను కంప్యూటర్ లెక్కగట్టుకుంటుంది. ఇక రెండేసి ఫ్రేముల కిటుకుతో పనిలేదు. అయినా 2018 నాటి 'స్పైడర్‌మ్యాన్: ఇంటు ద స్పైడర్-వర్స్'లో కావాలనే దాన్ని వాడారు. కథానాయకుడు మైల్స్ ఇంకా తడబడుతున్న దశలో అతని కదలికలు సెకనుకు పన్నెండే.