గీత బాగానే కలిసింది.. జేబే ఖాళీ అయింది!

నా ఫోన్లో ఇప్పటికీ డిలీట్ చేయని స్క్రీన్‌షాట్ ఒకటుంది. అందులో రెండు గీతలు. నీలం గీత నిఫ్టీ అసలు కదలిక. నారింజ గీత నేను రాసిన డీప్ లెర్నింగ్ మోడల్ చెప్పిన అంచనా. రెండూ ఒకదాని మీద ఒకటి అతికించినట్టే ఉంటాయి. కచ్చితత్వం 99 శాతం. అర్ధరాత్రి ఒంటిగంటకు దాన్ని చూసుకుని ‘ఇక ఉద్యోగం మానేయొచ్చు’ అనుకున్నా.

మూడు వారాల్లో ఆప్షన్స్‌లో లక్షా నలభై వేలు పోయాయి.

కోడ్‌లో బగ్ ఉందేమోనని నెలరోజులు వెతికా. ఏమీ దొరకలేదు. మరి తప్పెక్కడ? ఆ ప్రశ్నతోనే, ఉద్యోగం చేసుకుంటూ శని, ఆదివారాల్లో చదువుకునే ఓ యూనివర్సిటీ స్టాటిస్టిక్స్ కోర్సులో చేరా. అందులో ఒక పేపరు ‘ఫైనాన్షియల్ టైమ్ సిరీస్ అనాలిసిస్’. షేరు ధర, డాలరు రేటు, బంగారం రేటు.. ఇలా కాలంతోపాటు మారే అంకెల వరుసను ఎలా చదవాలో చెప్పే సబ్జెక్టు. తెలుగులో ‘కాలశ్రేణి’ అంటారు.

మొదటి వారమే ధైర్యం చేసి స్క్రీన్‌షాట్‌ని మేడమ్‌కి చూపించా. ఆవిడ రెండు వేళ్లతో జూమ్ చేసి చూసి నవ్వారు. “నీ గీత అసలు గీతకి ఒక్కరోజు వెనక నడుస్తోంది బాబూ. నిన్నటి ధరనే ఇవాళ్టి జోస్యంగా చెబుతోంది. దీనికి కంప్యూటర్ ఎందుకు?” అన్నారు.

నిజమే. ఇవాళ నిఫ్టీ 24,000 దగ్గరుంటే, ‘రేపు కూడా 24,000’ అని చిన్నపిల్లాడు చెప్పినా చాలా రోజుల్లో తేడా ఒక శాతం లోపే ఉంటుంది. అంటే 99 శాతం కరెక్టే! కానీ డబ్బులొచ్చేది ఆ మిగిలిన ఒక్క శాతం ఎటు కదులుతుందో తెలిస్తేనే. నా మోడల్‌కి తెలియంది సరిగ్గా అదే.

ధర కాదు.. రాబడి చూడాలి

క్లాసులో మొదటి పాఠం: ధరను పక్కనపెట్టు, రాబడిని పట్టుకో. 1995 నవంబరు 3ని ఆధారంగా తీసుకుని 1000తో లెక్క మొదలుపెట్టిన నిఫ్టీ, 2024 సెప్టెంబరులో 26,000 దాటింది. ఈ మొత్తం కాలానికి ‘సగటు నిఫ్టీ ఎంత’ అని అడిగితే ఆ జవాబుకి అర్థముందా? లేదు. అదే ‘రోజుకి ఎంత శాతం మారింది’ అని చూస్తే, ఏ ఏడాది ముక్క కోసి చూసినా సున్నాకి అటూఇటూ తిరుగుతూ కనిపిస్తుంది. ఇలా సగటు, చెదురు కాలంతో మారకుండా నిలకడగా ఉండే వరుసని ‘స్టేషనరీ’ అంటారు. పెన్నులూ పుస్తకాలూ అమ్మే షాపు కాదండోయ్! గణితంలో వాడే పాత పద్ధతుల్లో చాలావాటికి ఈ నిలకడే పునాది.

ఇంకో చిన్న చిక్కు. వంద రూపాయల షేరు 10 శాతం పెరిగి, మర్నాడు 10 శాతం తగ్గితే ఎంతవుతుంది? వంద కాదు, 99. శాతాలు నేరుగా కూడితే లెక్క తప్పుతుంది. అందుకే లాగ్ రాబడి తీసుకుంటారు. పెరిగినరోజు 0.0953, తగ్గినరోజు మైనస్ 0.1054. కూడితే మైనస్ 0.0101. అంటే సరిగ్గా 99 రూపాయలే. ఇంటర్‌లో ‘ఈ లాగరిథమ్స్ ఎక్కడ పనికొస్తాయి సార్’ అని అడిగినవాళ్లలో నేనూ ఉన్నా. ఇక్కడ పనికొచ్చాయి.

చర్చి పెళ్లిళ్లకీ, చావులకీ సంబంధమేంటి?

నన్ను బాగా భయపెట్టిన పాఠం రెండోది. 1926లో బ్రిటన్ గణాంకవేత్త ఉడ్నీ యూల్ ఒక లెక్క చూపించాడు. 1866 నుంచి 1911 వరకు ఇంగ్లండ్ మొత్తం పెళ్లిళ్లలో చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ పద్ధతిలో జరిగినవాటి వాటా, ఆయా ఏళ్ల మరణాల రేటు.. ఈ రెంటికీ సహసంబంధం 0.95! మరి చర్చిలో పెళ్లిళ్లు ఆపేస్తే జనం చావకుండా ఉంటారా? అసలు సంగతేంటంటే, ఆ రెండూ ఏళ్ల తరబడి నెమ్మదిగా తగ్గుతూ వచ్చాయి. కలిసి తగ్గాయి కాబట్టి బంధువుల్లా కనిపించాయి, అంతే.

1974లో గ్రాంజర్, న్యూబోల్డ్ దీన్ని కంప్యూటర్ మీద పరీక్షించారు. సంబంధమే లేని రెండు ‘రాండమ్ వాక్’లు పుట్టించి మామూలు రిగ్రెషన్ చేస్తే, దాదాపు నాలుగింట మూడు వంతుల సార్లు ‘గట్టి సంబంధం ఉంది’ అని వచ్చింది. మా ల్యాబ్‌లో మేమూ చేశాం. బొమ్మ పడితే ఒక అడుగు పైకి, బొరుసు పడితే ఒక అడుగు కిందికి. ఐదొందల సార్లు ఎగరేస్తే వచ్చే గీత అచ్చం షేరు చార్టులాగే ఉంటుంది. పక్కసీటు అమ్మాయి తన గీతలో ‘సపోర్టు’ ఎక్కడో, ‘బ్రేకవుట్’ ఎక్కడో గుర్తులు పెట్టి చూపించింది కూడా. అది ఉత్త రూపాయి బిళ్ల గీత! ఆ రోజు నుంచి టెలిగ్రామ్ ఛానల్లో ఎవరైనా చార్టు మీద బాణాలు గీసి పెడితే నాకు ఆ బిళ్లే గుర్తొస్తుంది.

ఎటో తెలియదు.. ఎంతో తెలుస్తుంది

మరి ఈ సబ్జెక్టు అంతా ‘ఏమీ చెప్పలేం’ అని చేతులెత్తేయడమేనా? కాదు. అసలు మజా ఇక్కడే ఉంది.

నిఫ్టీ రోజువారీ రాబడులు తీసుకుని, ఇవాళ్టికీ నిన్నటికీ సంబంధం చూస్తే దాదాపు సున్నా. పెరిగినరోజు తర్వాత పెరుగుతుందనీ లేదు, తగ్గుతుందనీ లేదు. కానీ అవే రాబడుల్ని వర్గం చేసి, అంటే ప్లస్సూ మైనస్సూ వదిలేసి కదలిక సైజు మాత్రమే చూస్తే, సంబంధం స్పష్టంగా బయటపడుతుంది. పెద్ద కదలిక వెంట పెద్ద కదలికలు, చిన్నదాని వెంట చిన్నవి వస్తాయి. 1963లోనే మాండెల్‌బ్రాట్ పత్తి ధరల్లో ఇది గమనించాడు. మన మార్కెట్లో చూడాలంటే 2020 గుర్తు చేసుకోండి. మార్చి 12న నిఫ్టీ 8 శాతం పైగా పడింది. 23న దాదాపు 13 శాతం పడింది. ఏప్రిల్ 7న మళ్లీ 9 శాతం దాకా లేచింది. దిక్కులు వేరు, ఊపు ఒకటే.

ఈ ఊపుని సమీకరణంలో పెట్టినవాడు రాబర్ట్ ఎంగిల్. 1982లో ఆయనిచ్చిన మోడల్ పేరు ‘ఆర్చ్’. 1986లో ఆయన శిష్యుడు టిమ్ బొలర్‌స్లెవ్ దాన్ని ‘గార్చ్’గా పెంచాడు. 2003 ఆర్థికశాస్త్ర నోబెల్‌ని ఎంగిల్, పైన చెప్పుకున్న గ్రాంజర్ పంచుకున్నారు.

గార్చ్ చెప్పేది తేలికే. రేపటి అలజడి = ఒక చిన్న స్థిరాంకం + ఇవాళ తగిలిన దెబ్బలో కొంత వాటా + ఇవాళ్టికే ఉన్న అలజడిలో కొంత వాటా. ఉదాహరణకు ఆ వాటాలు 0.08, 0.90 అనుకోండి. కలిపితే 0.98. అంటే మామూలు స్థాయికి మించి పెరిగిన అలజడి రోజుకి 2 శాతం చొప్పునే చల్లారుతుంది. సగానికి రావడానికి 34 ట్రేడింగ్ రోజులు పడుతుంది. వాన వెలిసినా చూరు నీళ్లు కారుతూనే ఉంటాయే, అలాగన్నమాట.

ఫోన్లోనే చేసుకునే చిట్కా ఒకటి చెప్పనా? ఇండియా విక్స్ అంకెని 16తో భాగించండి. ఏడాదిలో ట్రేడింగ్ రోజులు సుమారు 252, దాని వర్గమూలం దాదాపు 16 కాబట్టి. విక్స్ 16 ఉంటే మార్కెట్ రోజుకి ఒక శాతం అటూఇటూ కదలొచ్చని అనుకుంటోందని అర్థం. 2020 మార్చిలో విక్స్ 80 దాటింది. అంటే రోజుకి 5 శాతం!

గంట బొమ్మని నమ్మితే..

ఇంజినీరింగ్‌లో మనకి నేర్పే గంట ఆకారపు నార్మల్ కర్వ్ ఇక్కడ సరిపోదు. రోజువారీ చెదురు ఒక శాతం అనుకుంటే, ఆ కర్వ్ ప్రకారం 13 శాతం పతనం విశ్వం పుట్టినప్పటి నుంచి రోజూ మార్కెట్ నడిచినా ఒక్కసారి కూడా రాకూడదు. మనం కళ్లారా చూశాం. అప్పటికే అలజడి పెరిగిందని గార్చ్ లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి ఆశ్చర్యం కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. అందుకే దానికి తోకలు లావుగా ఉండే ‘టి-డిస్ట్రిబ్యూషన్’ జత చేస్తారు. బ్యాంకుల్లో రిస్క్ చూసేవాళ్ల రోజువారీ పని దాదాపు ఇదే: ‘ఎంత వస్తుంది’ అని కాదు, ‘చెడ్డరోజున ఎంత పోవచ్చు’ అని.

నా మోడల్ చేసిన పాపాలు

కోర్సు సగంలోకి వచ్చాక పాత కోడ్ మళ్లీ తెరిచా. డేటాని పేకముక్కల్లా కలిపి ట్రైనింగుకి కొంత, టెస్టుకి కొంత పంచా. అంటే బుధవారం ధర చెప్పమని అడిగేముందు గురువారం ధర చూపించేశా. పేపరు లీకైన పరీక్ష లాంటిదే! కాలశ్రేణిలో ఎప్పుడూ గతంతో నేర్పి, ఆ తర్వాతి రోజులతోనే పరీక్షించాలి. రెండోది, వంద రూల్స్ ప్రయత్నించి బాగా వచ్చినదాన్ని ఉంచుకున్నా. 5 శాతం పొరపాటుని ఒప్పుకుంటే, వందలో ఐదు ఉత్త అదృష్టంతోనే పాసవుతాయి. మూడోది, బ్రోకరేజీ, పన్నులు కలపనేలేదు. కోడ్ తప్పు కాదు, ప్రశ్నే తప్పు.

పోయిన డబ్బు తిరిగి రాలేదు. కానీ ఆఫీసులో సర్వర్ల మీద లోడ్ పెరిగినప్పుడు ఏది మామూలు కుదుపు, ఏది నిజంగా ప్రమాదం అని తేల్చడానికి ఈ పాఠాలే వాడుతున్నా.

చదవాలనుకునేవాళ్లకి: ప్రాబబిలిటీ, రిగ్రెషన్ గట్టిగా ఉంటే చాలు. ఆర్ కానీ పైథాన్ కానీ ఏదో ఒకటి రావాలి. లైబ్రరీలో మా మేడమ్ చూపించిన లావుపాటి సంపుటం ఒకటుంది. 2012లో వచ్చిన ఆ టైమ్ సిరీస్ పుస్తకానికి సంపాదకులు టి.సుబ్బారావు, సుహాసిని సుబ్బారావు, సి.ఆర్.రావు. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల ఎంఏ చేసి, 102 ఏళ్ల వయసులో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ అందుకున్న ఆ సి.ఆర్.రావే!

అన్నయ్యా, పెరుగుద్దా తగ్గుద్దా?

మొన్నామధ్య గుంటూరు నుంచి మా బాబాయి కొడుకు మెసేజ్ పెట్టాడు. “అన్నయ్యా, నువ్వు చదివేది ఇదేగా. రేపు నిఫ్టీ పెరుగుద్దా తగ్గుద్దా? అక్క పెళ్లికి దాచినవాటిలో ఓ యాభై వేలు పెడదామనుకుంటున్నా.”

వెంటనే ఫోన్ చేశా. సెబీ 2024లో చెప్పిన లెక్క వినిపించా. మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన మామూలు జనంలో 93 శాతం నష్టపోయారు. మొత్తం పోయింది 1.8 లక్షల కోట్ల రూపాయల పైనే. “విక్స్ 14 ఉంది. అంటే రేపు రెండొందల పాయింట్లు అటైనా పోవచ్చు, ఇటైనా పోవచ్చు. ఎటో నాకు తెలియదురా” అన్నా.

“ఇంత చదివి ఇదా అన్నయ్యా నువ్వు చెప్పేది!” అని పెట్టేశాడు.

యాభై వేలు పెట్టలేదు. ఐదు వేలు పెట్టాడు, పోయాయి. వాడు నాకు చెప్పలేదు, బాబాయి చెప్పాడు. అప్పుడు నా పాత స్క్రీన్‌షాట్ వాడికి పంపించా.

“సూపర్ అన్నయ్యా, ఇంత బాగా కలుస్తుంటే ఇన్నాళ్లూ దాచావేంటి?” అన్నాడు.

నారింజ గీతని ఒక్కరోజు వెనక్కి జరిపి చూడమన్నా.