లండను వీథి – ఇద్దరు కవులు

కాల్పనిక కవులనగానే కొండలు, సెలయేళ్లు తలపునకు వచ్చుట పరిపాటి. నగరమును చూచి పారిపోయినవారని వారికొక పేరు. ఇది సగము మాత్రమే నిజము. 1801 లో బ్రిటనున మొదటి జనగణన జరుగునాటికి లండను జనసంఖ్య పది లక్షలకు చేరువలో నుండెను. అంతటి నగరమును వారు చూడకపోలేదు. ఎట్లు చూచిరన్నదే విచార్యము.

వర్డ్స్‌వర్త్ 1802 లో ఫ్రాన్సునకు పోవుచు, తెల్లవారుజామున బండిపైనుండి వెస్ట్‌మినిస్టర్ వంతెన దాటెను. నాటి దృశ్యమును గూర్చిన పదునాలుగు పాదముల గీతము 1807 లో వెలువడినది. అందలి నగరము సుందరమే. కాని మనుష్యుడు మేల్కొనలేదు. జనము మేల్కొన్న లండను ‘ప్రిల్యూడ్’ కావ్యము ఏడవ భాగమున కలదు. అక్కడ కవికి ఎదురైన ప్రతి ముఖమును రహస్యమే. ఆ ప్రవాహమున, తన కథ వ్రాసిన కాగితమును రొమ్ముపై తగిలించుకొని నిలిచిన గ్రుడ్డి బిచ్చగాడొకడు ఆయనను నిలువరించెను. మనుష్యుని గూర్చి మనుష్యునకు తెలియునది ఆ కాగితముపాటిదేనా యని ఆయన మనస్సు గిర్రున తిరిగినది. వంతెనపై లభించిన శాంతికంటె ఈ కలతయే గొప్ప కవిత్వము.

బ్లేక్ లండనుననే పుట్టి, మూడేండ్లు మినహా జీవితమంతయు అక్కడనే గడపెను. రాగిరేకులపై బొమ్మలు చెక్కి పొట్టపోసికొన్నవాడు. 1794 నాటి ‘లండన్’ గీతమున ఆయన చూచినదానికంటె విన్నది యెక్కువ: పొగగొట్టములు తుడుచు బాలుని కేక, సైనికుని నిట్టూర్పు, నడిరేయి పడుచు వేశ్య శాపము. అన్నిటను సంకెళ్ల మ్రోతయే వినవచ్చును. ఆ సంకెళ్లు తయారైనది మనస్సులోనే.

చిత్తుప్రతిలో వీథికిని, థేమ్స్ నదికిని ‘మురికి’ యను విశేషణము వేసి, పిమ్మట ‘చార్టర్డ్’ అని మార్చెను. మురికి కంటికి కనబడును, చార్టరు కనబడదు. అది రాజు కొందరికి వ్రాసియిచ్చు హక్కుపత్రము. అట్టి పత్రము హక్కు లిచ్చుటకు మారు తక్కినవారి హక్కులను లాగికొనునని టామస్ పెయిన్ 1792 లోనే వాదించియుండెను. పారు నీటికి సైతము యజమాని యేర్పడెనన్నమాట.

అనువాదకునకు చిక్కంతయు ఈ మాటతోనే. ‘శాసనబద్ధ’ మన్నచో కచేరీ వాసన కొట్టును. ‘పట్టా’ యన్నచో పొలము స్ఫురించును, నిజమే. అయినను పట్టాకెక్కిన నది యనుటలోని యెబ్బెట్టుదనమే ఇచట కావలసినది. సుఖముగా నుండునని ‘మురికి’ యని తెనిగించినచో, బ్లేక్ కొట్టివేసిన మాటను తిరిగి వ్రాసినట్లగును.