అమ్మీ రోజా, చేతిలో ఫోను

రంజాన్ నెల వచ్చిందంటే మన ఇళ్లలో సహెరీ, ఇఫ్తార్‌ల సందడి మొదలవుతుంది. అయితే చక్కెర వ్యాధి ఉన్న పెద్దలున్న ఇంట్లో ఆ సందడి వెనుకే ఒక భయం కూడా ఉంటుంది. మధ్యాహ్నం చెమటలు పట్టి, చేతులు వణికినా రోజా పోతుందేమోనని అమ్మీ నోరు విప్పరు. ఇఫ్తార్‌లో షర్బత్, సమోసా, హలీం తిన్న తరువాత షుగర్ ఎంత పెరిగిందో అబ్బా చూసుకోరు.

ఈ విషయంలో సెనెగల్ దేశం ఒక తేలిక మార్గం చూపింది. పశ్చిమ ఆఫ్రికాలోని ఈ దేశంలో అత్యధికులు ముస్లిములే. ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో అక్కడి ప్రభుత్వం 2014 రంజాన్‌లో షుగర్ రోగుల సెల్‌ఫోన్లకు చిన్న సందేశాలు పంపడం ప్రారంభించింది. రోజాకు ముందు నీళ్లు బాగా తాగాలని, ఖర్జూరాలు మితంగా తినాలని వాటి ద్వారా గుర్తుచేసింది. ఇందుకు ఖరీదైన ఫోను అక్కరలేదు. మామూలు ఫోనే చాలు.

ఈ పని మన ఇళ్లలో మనమే చేసుకోవచ్చు. రంజాన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టరును కలవాలి. రోజా ఉండవచ్చో లేదో, మందుల వేళలు ఎలా మార్చాలో ఆయనే చెప్పాలి. సహెరీ మానకుండా, చివరి వేళలో తినేలా ఫోనులో అలారం పెట్టాలి. ఇఫ్తార్ పళ్లెం ఫోటో తీసి ఉంచుకుంటే ఏది తిన్న రోజు షుగర్ పెరిగిందో తెలుస్తుంది. గల్ఫ్‌లో ఉన్న కొడుకైనా మధ్యాహ్నం ఒక ఫోను చేసి, "అమ్మీ, షుగర్ చూసుకున్నారా?" అని అడగవచ్చు.

వేలికొసన రక్తం తీసి పరీక్షించుకుంటే రోజా భంగం కాదని ధర్మవేత్తలు చెబుతున్నారు. షుగర్ 70 కంటే తగ్గినా, 300 దాటినా వెంటనే రోజా విరమించాలన్నది వైద్యుల మాట. 70 కంటే తగ్గితే ఇఫ్తార్‌కు పది నిమిషాలే ఉందని కూడా ఆగకూడదు.

దివ్య ఖుర్ఆన్ బఖరా సూరాలోని 184, 185 ఆయతులు వ్యాధిగ్రస్తులకు వెసులుబాటు ఇచ్చాయి. ఆ వెసులుబాటును వాడుకోవడం ఈమాన్ లోపం కాదు, అల్లాహ్ కారుణ్యాన్ని స్వీకరించడమే. ఫోను గుర్తుచేస్తుంది, డాక్టరు దారి చెబుతారు. కానీ అమ్మీ భయం లేకుండా "నాకు బాగా లేదు" అని చెప్పగలిగే వాతావరణం మాత్రం ఇంట్లో మనమే కల్పించాలి.

అల్లాహ్ మన పెద్దలందరికీ ఆరోగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.