పల్నాటి ముంగిట ఒంగోలు గోవు

పాడియు పంటయు గల యిల్లే యిల్లని మన పెద్దలు తలచెడివారు. పల్నాటిసీమలో ఆ పాడికి పెట్టినది పేరు ఒంగోలు గోవు. పేరు ఒంగోలు పట్టణమునుబట్టి వచ్చినను, గుండ్లకమ్మ పరిసరములు మొదలు వినుకొండ, నరసరావుపేట, సత్తెనపల్లి ప్రాంతములవరకు గల పల్లెలన్నియు ఈ జాతికి పుట్టినిండ్లే. నేడు పుట్టినింటనే ఈ గోవు అరుదగుచున్నది. కావున సోదరీమణులకు దీనిని గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి.

తెల్లని మేను, నిండైన మూపురము, మడతలుపడి వ్రేలాడు గంగడోలు, పొట్టికొమ్ములు, కాటుక దీర్చినట్టి కన్నులు, నల్లని తోకకుచ్చు దీని లక్షణములు. ఎదిగిన ఆవు సుమారు 430 కిలోలు, ఎద్దు 550 కిలోలు తూగును. మండుటెండకును, ఎండుమేతకును ఓర్చుకొనును. రేగడినేలలో బరువైన మడకను లాగుటకు దీనికి సాటి లేదు.

ఇట్టి జాతి తనంతట తాను ఏర్పడలేదు. పెద్దలు గతించినప్పుడు వారిపేర మేలైన కోడెదూడను ఎంచి, అచ్చువేసి దేవునికి విడుచుట పూర్వాచారము. ఆ ఆబోతు ఏ చేనిలో మేసినను ఎవరును కొట్టరు. ఊరి ఆవులన్నిటికిని అదియే జోడు. లోపముగల కోడెను పితృదేవతలపేర విడుచుటకు ఎవరికిని మనసొప్పదు గదా! ఆ విధమున భక్తియే జాతిశుద్ధికి కాపైనది. ఇక ఇంటిలో దూడకు జున్నుపాలు విడుచుట, కుడితి పెట్టుట, తవుడును తెలగపిండియు కలుపుట, ఒడలు నిమిరి మచ్చిక చేయుట స్త్రీల పనియే. ఎద్దును సంతలో అమ్మినది మగవారైనను, దానిని పెంచినది ఇల్లాలే.

నరసరావుపేటకు చేరువనున్న కోటప్పకొండ కథలోను పాడికే పెద్దపీట. కొండమీది జంగమదేవరకు అనుదినము పాలు మోసికొనిపోయిన గొల్లభామ ఆనందవల్లికి అచ్చట గుడి కలదు. శివరాత్రి తిరునాళ్ళకు ప్రభలబండ్లను లాగుటకు జోడెడ్లను అలంకరించి తెచ్చుట రైతునకు ప్రతిష్ఠ. 1909 నాటి తిరునాళ్ళలో చిన్నపరెడ్డి యనునాతని యెడ్లు జనసమ్మర్దమునకు బెదరగా పోలీసులు వానిని కాల్చిరి. దానిపై దొమ్మి చెలరేగెను. తుదకు అతనిని ఉరితీసిరి. ఎడ్లనిన ఈ సీమవారికి ఎంతటి ప్రాణమో దీనివలన తెలియును.

సముద్రములకావలివారు మనకంటె ముందే దీని విలువ గ్రహించిరి. 19వ శతాబ్దమునుండియే ఈ పశువులు బ్రెజిల్ చేరెను. నెల్లూరు పేరునుబట్టి అచ్చటివారు దీనిని నెలోర్ అందురు. ఒంగోలు చెంతనున్న కరవది గ్రామపు కోడె ఒకటి 1960 దశకపు ఆరంభమున అచ్చటికి పోయి, ఆ యూరి పేరుతోనే ప్రసిద్ధికెక్కెను. 2023లో వియాతినా-19 అను నెలోర్ ఆవునందు మూడవవంతు వాటాకు పలికిన ధరనుబట్టి దాని వెల 40 లక్షల డాలర్లకు మించెనని లెక్కగట్టిరి. వారు దీనిని ముఖ్యముగా మాంసమునకై పెంచుచున్నారు. మనకు అది రుచింపని మాట. అయినను సంతతిని వ్రాసిపెట్టుటలో వారి శ్రద్ధ మెచ్చదగినది.

మరి పుట్టినింట తగ్గుటకు కారణమేమి? 1967లో నాగార్జునసాగరు నీరు కాలువలకు వచ్చిన పిదప పల్నాట వరి, ప్రత్తి, మిరప పెరిగెను. జొన్నచొప్పయు, బీళ్ళును తగ్గెను. మడకకు మారుగా ట్రాక్టరు వచ్చెను. ఒంగోలు ఆవు ఒక ఈతకు సుమారు 800 కిలోల పాలే యిచ్చును. గేదె అంతకు మించి, చిక్కని పాలిచ్చును. పాలు అమ్మి సంసారము గడపు ఇల్లాలు గేదెనే కోరుకొన్నచో ఆమెను తప్పుపట్టజాలము.

నేడు ఈ జాతి పేరు నిలుపుచున్నవి బండలాగుడు పందెములు. జోడెడ్లకు లక్షల రూపాయలు పోయుచున్నారు. సంతోషమే! కాని పందెపుటెద్దును కన్నది ఆవే గదా! తల్లికి కొట్టము లేనిచోట బిడ్డకు పతకమెక్కడిది? గుంటూరు చెంత లాంఫారము పరిశోధనస్థానము ఈ జాతిని కాపాడ యత్నించుచున్నది. అయినను ఒక్క క్షేత్రము ఊరికి మారు కాజాలదు.

కావున ఒంగోలు ఆవు గల గృహిణులకు మా విన్నపము ఒక్కటియే. ఆవు ఎదకు వచ్చినదని ముందుగా కనిపెట్టునది మీరే. అప్పుడు పశువైద్యశాలలో జెర్సీకి మారుగా ఒంగోలు వీర్యమునే అడిగి వేయింపుడు. పుట్టిన పెయ్యదూడను అగ్గువకు అమ్మివేయక, పెంచగల యింటికే యిండు. పూర్వము ఆబోతును విడిచి ఊరు చేసిన పనిని నేడు మీరొక్క మాటతో చేయగలరు.