గునుపురము ఏ సీమలోనిది?

బెంగుళూరు చెంత జిగణిలో నల్లరాతి పలకలు కోయు కార్ఖానాల నడుమ నొక టీకొట్టువద్ద, కనుబొమలదాక రాతిపొడి పేరుకొన్న యువకుడొకడు ఫోనులో తల్లితో మాటలాడుచుండగా, అందొక్క ముక్కయు నాకు బోధపడలేదు. అడుగగా, “మాది గునుపురం కాడ బాబూ, ఇంట్లో సవర మాటే” అని చక్కని తెలుగున బదులిచ్చెను. ఆ గునుపురము 1936 మార్చి 31 వరకు విశాఖపట్టణము జిల్లాలోనిది. మరునాటి నుండి ఒరిస్సాలోనిది.

గునుపురము వంటి కొండసీమలు గల, మద్రాసు రాజధానికి ఉత్తరపు టంచులైన సర్కారుల చరిత్రను మనము సాధారణముగా తీరమునుండియే చదువుదుము. 1753లో నిజాము సలాబతు జంగు నాలుగు సర్కారులను ఫ్రెంచివారి కిచ్చుటయు, 1757లో బొబ్బిలి కోట కూలుటయు, 1759లో ఆంగ్ల సేనాని ఫోర్డు మచిలీపట్టణమును పట్టుకొనుటయు, 1765 నాటి మొగలు ఫర్మానాతో కుంఫిణీ ఈ సీమపై హక్కు సంపాదించుటయు అందరెరిగినవే. తీరము చేజిక్కినను కొండలు చిక్కలేదు. తుదకు 1839లో నొక చట్టము చేసి, గంజాము, విశాఖపట్టణముల కొండసీమలను మామూలు న్యాయస్థానముల పరిధినుండి తప్పించి, కలెక్టరునే గవర్నరుకు ఏజెంటుగా నియమించిరి. తరతరాలుగా మన్యమని పిలువబడిన నేల ‘ఏజెన్సీ’ యగుట అప్పటినుండియే. ఒక యుద్యోగి హోదా ఒక దేశమునకు పేరైనది!

అచ్చటి ప్రజ లందరొక్కటి కారు. ఖోందుల కువి మన తెలుగునకు చుట్టము. సవర ముండా కుటుంబములోనిది. గదబలలోనైతే ఒక శాఖవారిది ముండా భాష, వేరొక శాఖవారిది ద్రావిడ భాష. కొండవాలున చెట్లుకొట్టి, కాల్చి, బూడిదలో విత్తనములు చల్లు పోడు వ్యవసాయము మాత్రము వీరిలో పెక్కుమందికి సామాన్యము.

ఈ కొండవారిని పన్నులకొరకు గాక పలుకుకొరకు వెదకినవాడు, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి. సవర నేర్చి, ఆ భాషలోనే వాచకములు వ్రాసి, సొంత ఖర్చుతో బడులు పెట్టించెను. వాడుకభాషకై పోరిన ఆ మహనీయుని గూర్చి గ్రాంథికమున వ్రాయుచున్నందుకు ఆయన నన్ను తప్పక మందలించియుండును. ఒరిస్సా యేర్పడిన నాడు, పర్లాకిమిడి నందు చేర్చుటకు నిరసనగా, ఆయన ఆ యూరు విడిచి రాజమహేంద్రవరము చేరెను. ఆయన సవర నిఘంటువు 1938లో అచ్చయ్యెను.