ద్వీపములు – దీపములు

విద్యార్థులారా! నలువైపుల నీరు గల భూభాగమును ద్వీప మందురని భూగోళమున చదివితిరి. మన పావగడ తాలూకా చుట్టును సముద్రము లేదు. చెఱువున నీరు నిండుటయే యరుదు. అయినను పటము విప్పి చూడుడు. మూడు వైపుల ఆంధ్రదేశ మావరించి యుండ, కర్ణాటకములో మన తాలూకా నేలపై నొక ద్వీపమువలె కానవచ్చును. కావున నిజమైన ద్వీపవాసుల కథ మనము తెలిసికొనదగినది.

డెన్మార్కు దేశమున సామ్సో యను చిన్న ద్వీపము కలదు. జనసంఖ్య నాలుగు వేలకు లోపు. పూర్వము వారు వెలుపలినుండి వచ్చు నూనెపైనను, బొగ్గు విద్యుత్తుపైనను ఆధారపడి యుండిరి. 1997లో ఆ దేశ ప్రభుత్వము ద్వీపములకు పోటీ పెట్టెను: పదేండ్లలో తనకు కావలసిన శక్తిని తానే పుట్టించుకొను మార్గమును ఏ ద్వీపము చక్కగా చూపునో దానిదే గెలుపు. సామ్సో గెలిచెను. అచటి రైతుబిడ్డయు, ఉపాధ్యాయుడును అగు సోరెన్ హెర్మన్‌సెన్ సభలు జరిపి జనులను ఒప్పించెను. 2000లో నేలపై 11, 2003లో సముద్రములో 10 గాలిమరలు నిలిచినవి. కొన్నింటిని రైతులు కొనిరి. కొన్నింటిని సామాన్యులు వాటాలు వేసికొని కొనిరి. కొన్నింటిని స్థానిక పాలకసంఘము కొనెను. పొలములోని గడ్డిని కాల్చి, నీటిని వేడిచేసి, గొట్టములద్వారా ఇండ్లను వెచ్చబఱచుకొనిరి.

స్కాట్లండులోని ఎగ్ ద్వీపమున నూఱుమంది మాత్రమే యుందురు. 1997లో వారు ద్వీపమునే కొనిరి. 2008లో నీరు, గాలి, ఎండ అను మూటినుండి విద్యుత్తు పొందసాగిరి. ఇల్లొక్కింటికి ఒకేసారి 5 కిలోవాట్లకు మించి వాడరాదని కట్టుబాటు చేసికొనిరి. ధనికునకును పేదకును అదే కొలత.

ఇక మన యింటి సంగతి. తిరుమణి, వళ్ళూరు, బాలసముద్రము, క్యాతగానచెర్లు, రాయచెర్లు గ్రామములలో సుమారు 13,000 ఎకరములపై సౌరవిద్యుత్ క్షేత్రము వెలసినది. 2018లో ప్రారంభమై, 2019 చివరకు 2,050 మెగావాట్ల శక్తిని సంతరించుకొన్నది. ఫలకములోని సిలికానుపై ఎండ పడగా విద్యుత్తు పుట్టును; మంట లేదు, పొగ లేదు. వేరుశనగను మాడ్చిన యెండయే యిచట పంట యైనది!

ఇచట రైతులు భూమి నమ్ముకొనలేదు, కౌలున కిచ్చిరి. ఎకరమునకు తొలుత ఏటికి 21,000 రూపాయలు. రెండేండ్ల కొకమారు నూటికి 5 వంతున హెచ్చును. అనగా మూడవ యేట 22,050. తరువాతి లెక్క మీరే వేయుడు. కరవు వచ్చినను ఈ సొమ్ము తప్పదు. ఇది గొప్ప మేలు.

కాని సామ్సోకును మనకును ఒక భేదము కలదు. మన యూరి నేతగాండ్ర బిడ్డలకు వేఱుగ చెప్పనక్కఱలేదు. సొంత మగ్గముపై నేయువాడు వేఱు, కూలికి నేయువాడు వేఱు. సామ్సోవారికి మరలో వాటా గలదు. మనకు నేలపై హక్కు గలదు గాని ఫలకములో వాటా లేదు. భూమి గలవానికి కౌలు వచ్చినది. భూమి లేని కూలివానికి, ఆ పొలములలో దొరకు పని పోయినది. కంచె పడినచోట గొఱ్ఱెలకు మేపు తగ్గినది. వెలుగును మెచ్చుకొనునపుడు వీరిని మఱువరాదు.

తల్లిదండ్రులారా! కౌలుపత్రము పాతికేండ్లకు పైబడిన కాలమునకు వ్రాసినది. గడువు తీరునాటికి నేటి మీ బిడ్డలే యింటి పెద్దలగుదురు. కావున ఆ పత్రమును భద్రపఱచుడు. బిడ్డలచే చదివించి వినుడు. విద్యార్థులారా! తెలుగుతోపాటు కన్నడమును, లెక్కలను శ్రద్ధతో నేర్వుడు. పత్రములోని ప్రతి పంక్తియు మీకు బోధపడవలెను. సూర్యు డందఱివాడు. ఆ వెలుగులో వాటా మాత్రము అడిగి తెలిసికొన్నవారికే దక్కును.