ఎత్తైన చోట్ల రక్తము గడ్డకట్టుట

తుక్కుగూడవారికి విమానము వింత కాదు. 2008 లో శంషాబాదు విమానాశ్రయము తెఱచినది మొదలు ఆ చప్పుడు వారి చెవులకు అలవాటైపోయినది. అచటి నేల సముద్రమట్టమునకు సుమారు 617 మీటర్ల ఎత్తున ఉన్నది. విమానము పదివేల మీటర్ల ఎత్తున ఎగిరినను, లోపలి గాలిని ఒత్తి ఉంచుదురు గనుక, ప్రయాణికుడు ఇంచుమించు 1,800 నుండి 2,400 మీటర్ల కొండమీద కూర్చున్నట్లే లెక్క. దూరప్రయాణము చేసి దిగినవారిలో కొందఱికి పిక్కలోని సిరలో రక్తము గడ్డకట్టుట కలదు. ఇది పలుచని గాలి దోషమా?

జర్మను వైద్యుడు విర్కో 19వ శతాబ్దమున చేసిన పరిశోధనలను బట్టి వైద్యులు మూడు కారణములు చెప్పుదురు: రక్తప్రవాహము మందగించుట, నాళపు గోడ చెడుట, రక్తమునకే గడ్డకట్టు గుణము హెచ్చుట. విమానములో మొదటిదే ముఖ్యము. 2006 లో ప్రకటితమైన ఒక ప్రయోగమున 73 మంది ఆరోగ్యవంతులను ఎనిమిది గంటలు పలుచని గాలి గల గదిలో కూర్చుండబెట్టి చూచిరి. గడ్డకట్టు గుణము హెచ్చలేదు. నాలుగు గంటలకు మించి కదలక కూర్చుండు ప్రయాణమున ప్రమాదము రెట్టింపగునని 2007 లో ప్రపంచ ఆరోగ్యసంస్థ తెలిపినది. అయినను ఆరోగ్యవంతులలో అది ఆఱువేల మందిలో ఒకరికి మాత్రమే. రైలైనను, కారైనను, తుక్కుగూడ మీదుగా శ్రీశైలము పోవు బస్సైనను, కాలు కదపక గంటల తరబడి కూర్చున్నచో సంగతి ఒకటే.

పర్వతములపై కథ వేఱు. నిజామాబాదు జిల్లా పూర్ణ, ఖమ్మము జిల్లా ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎక్కిన ఎవరెస్టు శిఖరముమీద గాలి ఒత్తిడి సముద్రతీరమున ఉన్నదానిలో మూడవ వంతే. ప్రాణవాయువు చాలనప్పుడు మూత్రపిండములు ఎరిత్రోపొయిటిన్ అను హార్మోనును ఎక్కువగా విడుదల చేయును. దానివలన ఎఱ్ఱకణములు పెరుగును. చలిగాలిలో రొప్పుటచే ఒంటిలోని నీరు ఊపిరితో పోవును. రక్తము చిక్కనగును. పైగా మంచుతుపానులో గుడారము విడువలేక రోజుల తరబడి పడియుండవలెను.

1953 లో కె-2 పర్వతముపై జరిగినది ఇదే. తుపానులో చిక్కిన అమెరికను భూగర్భశాస్త్రవేత్త ఆర్ట్ గిల్కీ పిక్కలో రక్తము గడ్డకట్టెను. కూడనున్న డాక్టరు హ్యూస్టన్ దానిని గుర్తించెను. గడ్డ తునకలు ఊపిరితిత్తులకును చేరెను. సహచరులు ఆయనను కట్టి దింపుచుండగా, ఆగస్టు 10న, మంచువాలునుండి ఆయన అదృశ్యుడయ్యెను.

హిమాలయములలో దీర్ఘకాలము కావలియున్న భారత సైనికులలో ఈ ప్రమాదము పల్లపు ప్రాంతములవారికన్న సుమారు 30 రెట్లు హెచ్చని సైనిక వైద్యులు 2001 లో ప్రకటించిరి. ప్రాణవాయువు తగ్గినప్పుడు కణములలో రేగు వాపుచర్య గడ్డలకు దారితీయునని 2017 లో భారత శాస్త్రజ్ఞులు ఎలుకలలోను రోగులలోను చూపిరి.

చిక్కేమనగా, ఈ వ్యాధి ఇతర బాధల వేషము వేయును. ఒక పిక్క మాత్రమే వాచి, వెచ్చబడి నొచ్చినప్పుడు బెణుకని తలచి మర్దన చేయుదురు. గడ్డ కదలి ఊపిరితిత్తులకు పోవచ్చును. కొండమీద ఆయాసమును ఎత్తునకు ఆపాదించి ఊరకుందురు. అచట రోగిని దించుట మొదటి పని. గడ్డకట్టుటను ఆపు మందులు వైద్యుని చేతిమీదుగనే పడవలెను.